ఏటా రెండు నెలలు మరపడవలు ఎందుకు ఆగుతాయి?

బెంగళూరులోని బళేపేటకు సముద్రం దూరమే. ఇక్కడి పళ్లెంలోకి సముద్రపు చేప మంగళూరు, మల్పె లాంటి రేవుల నుంచి రావాలి. ఏటా ఆ రేవులున్న పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా, ఆంధ్ర ఉన్న తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఎందుకు? చాలా రకాల చేపలు గుడ్లు పెట్టే కాలమది. గుడ్లతో ఉన్న చేపను పడితే వేలాది పిల్లలు పుట్టకముందే పోతాయి.

నిషేధం లేని రోజుల్లోనూ వల కన్ను మరీ చిన్నదైతే వేలెడంత పిల్ల కూడా తప్పించుకోలేదు. రాత్రిపూట ఎల్‌ఈడీ దీపాలు వెలిగిస్తే చిన్నా పెద్దా అన్నీ వెలుగు దగ్గరికి చేరతాయి, అన్నిటినీ ఊడ్చేస్తారు. అందుకే 2017లో కేంద్రం ఎల్‌ఈడీ దీపాల వేటను నిషేధించింది.

మరి ఏటా వేట ఆగే ఆ 61 రోజులు మత్స్యకారుల ఇల్లెలా గడవాలి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025లో దాన్ని కుటుంబానికి 20,000 రూపాయలకు పెంచింది. ఆ డబ్బు వేట ఆగిన రోజుల్లోనే చేతికందాలి.