బాల్యంలో పేదరికం – పెద్దయ్యాక దాని ప్రభావం

భిలాయి ఉక్కు కర్మాగారం గురించి మీరు వినే ఉంటారు. సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. ఎన్నో తెలుగు కుటుంబాలు కూడా పని వెతుక్కుంటూ అక్కడికి చేరాయి.

తొలి రోజుల్లో చదువురానివారికి కూడా అక్కడ పర్మనెంటు ఉద్యోగాలు దొరికాయి. వారికి నెల జీతం, క్వార్టరు, వైద్యం, పిల్లలకు బడి లభించాయి. కాంట్రాక్టు కూలీలకు మాత్రం ఏ రోజు కూలి ఆ రోజుకే. తరువాతి కాలంలో ఉద్యోగాలు తగ్గాయి, సర్టిఫికెట్లు అవసరమయ్యాయి.

ఇప్పుడు ఒక కూలీ ఇంటిని ఊహించండి. మొదటి రెండేళ్లలో బిడ్డకు చాలినంత పోషకాహారం అందకపోతే ఎదుగుదల కుంటుపడుతుంది. తండ్రి జబ్బుపడితే కూలి ఆగుతుంది. పిల్లవాడు బడి మాని పనికి వెళ్తాడు. పదో తరగతి లేనందున పెద్దయ్యాక అతడూ కాంట్రాక్టు కూలీ అయ్యే అవకాశమే ఎక్కువ. పర్మనెంటు ఉద్యోగి కొడుకు చదువుకుంటాడు. ఇద్దరికీ తేడా తెలివిలో లేదు, బాల్యంలో దొరికిన ఆసరాలో ఉంది.

ఈ గొలుసును తెంచవచ్చు. ఓపెన్ స్కూలు పదో తరగతికి గరిష్ఠ వయోపరిమితి లేదు. మీరు బడి మానవలసి రావడం మీ తప్పు కాదని గుర్తుంచుకోండి.

ఆలోచించండి: మీ చదువు ఎక్కడ ఆగింది? ఆనాడు ఏ సహాయం అంది ఉంటే కొనసాగేది?