ఫోనులో ప్రైవేటు పెట్టుబడి

హైదరాబాదులో పనిచేసే మన పిల్లలు పండుగకు బొబ్బిలి వచ్చినప్పుడు, "బ్యాంకులో ఏముంది నాన్నా, దీనిలో ఇరవై శాతం" అంటూ ఫోను చూపడం ఈ దినాల్లో మామూలైపోయింది. పంట అమ్మిన సొమ్ము చేతిలో ఉన్న తండ్రి కాదనలేడు.

స్టాక్ మార్కెట్‌లో నమోదుకాని వాటాలు, అప్పుపత్రాలు, బిల్లులు చాలాకాలం ధనికుల పెరడు. ఇప్పుడు ఆ కంచె కొంత చట్టప్రకారమే తగ్గింది. ప్రైవేటుగా జారీచేసే కంపెనీ బాండు విలువ ఒకప్పుడు 10 లక్షలు. సెబీ దాన్ని 2023 నుండి లక్షకు తగ్గించింది, 2024లో 10 వేలకు కూడా అనుమతించింది. మంచిదే. అయితే బాండు ధర తగ్గింది గాని ప్రమాదం తగ్గలేదు.

బిల్లుల సంగతి చూద్దాం. ఒక జూట్ మిల్లు గోనెసంచులు పంపింది, లక్ష రూపాయలు 90 రోజులకు వస్తాయి. ఈలోగా కూలి చెల్లించాలి గనుక ఆ బిల్లును 97 వేలకు అమ్ముకుంటుంది. కొన్నవాడికి ఏడాది లెక్కన సుమారు 12 శాతం. బిల్లు నిజమైనదైతేనే సుమా!

హైదరాబాదులో ఫాల్కన్ ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ యాప్ 11 నుండి 22 శాతం వరకు ఆశ చూపింది. పెద్ద కంపెనీల పేర దొంగ బిల్లులు చూపి, సుమారు 7,000 మంది వద్ద 1,700 కోట్లు వసూలు చేసి, 850 కోట్ల వరకు ఎగవేశారని సైబరాబాద్ పోలీసుల ఆరోపణ. కేసు 2025 ఫిబ్రవరిలో నమోదైంది. మార్చిలో శంషాబాద్‌లో ఈ వ్యవహారానికి చెందినదంటూ ఒక చిన్న విమానాన్ని ఈడీ పట్టుకుంది. పొదుపు సొమ్ముకు విమానమెందుకో!

అగ్రిగోల్డ్ మునిగినప్పుడు నిలదీయడానికి ఊళ్లో ఏజెంటైనా ఉన్నాడు, పాపం అతడూ బాధితుడే. యాప్‌కు గడపే లేదు.

రిజర్వు బ్యాంకు అనుమతితో బిల్లులు కొనే ట్రెడ్స్ వేదికలున్నాయి. అక్కడ కొనేవి బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల వంటివి. మనబోటి వ్యక్తులకు ప్రవేశం లేదు. కనుక "ఇదీ రిజర్వు బ్యాంకు పద్ధతే" అనే యాప్‌ను నమ్మకండి. బాండ్లు అమ్మే యాప్‌కు సెబీ నమోదు సంఖ్య ఉండాలి, దాన్ని సెబీ వెబ్‌సైటులోనే సరిచూడండి. నమోదుకాని వాటాలు అమ్మే అనుమతిలేని వేదికల గురించి సెబీ 2024 డిసెంబరులో హెచ్చరించింది కూడా. డిపాజిట్లు తీసుకునే సంస్థల వివరాలకు, ఫిర్యాదుకు రిజర్వు బ్యాంకు వారి సచేత్ వెబ్‌సైటు ఉంది. ఆన్‌లైనులో మోసపోతే సిగ్గుపడక, ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.