శీతకాలపు కవళ్ళు: వేట, విరామం

బీదరుకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినప్పటికీ కడలి చేపల అధ్యయనంతో ఈ నగరానికి సంబంధం ఉంది. కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి కేంద్రస్థానం బీదరే. 1969లో ఆరంభమైన దాని మత్స్య కళాశాల మంగళూరులో ఉంది.

ఆ తీరంలో శీతకాలపు వేటకు పేరుగాంచిన చిన్న చేపలు నూనె కవళ్ళు. వీటిని మంగళూరు ప్రాంతంలో బూతాయి అనీ, కేరళలో మత్తి, చాళ అనీ పిలుస్తారు. సాధారణంగా ఇవి 20 సెంటీమీటర్లకు మించి పెరగవు. ఆయుర్దాయం సుమారు రెండున్నర సంవత్సరాలు.

నైరుతి ఋతుపవన కాలంలో గాలుల ప్రభావం వల్ల తీరంలోని పైనీరు లోపలికి తరలిపోతుంది. లోతున ఉన్న చల్లని నీరు ఆ స్థానానికి ఉబికివస్తుంది. దానితో వచ్చే పోషకాల వల్ల సూక్ష్మ వృక్షజాలం విస్తారంగా పెరిగి కవళ్ళకు మేత అవుతుంది. అవి ప్రధానంగా గుడ్లు పెట్టేదీ ఈ వానకాలంలోనే. వర్షాలు తగ్గిన పిమ్మట మందలు తీరాన్ని సమీపిస్తాయి. అప్పటికి వాటి ఒంట కొవ్వు పడుతుంది. పేరులోని ‘నూనె’కు కారణం అదే. అందువల్ల సెప్టెంబరు నుండి ఫిబ్రవరి వరకు వేట ముమ్మరంగా సాగుతుంది. పూర్వం కర్ణాటక తీరంలో అనేకులు కలిసి రంపణి అనే పెద్ద వలను ఒడ్డుకు లాగేవారు. 1970ల దశకంలో యాంత్రిక పడవల పర్స్ సీన్ వలలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

ఈ సమృద్ధి ఏటా ఒకే తీరుగా ఉండదు. కేరళలో 2012లో సుమారు 4 లక్షల టన్నులు లభించిన కవళ్ళు 2021లో దాదాపు 3,300 టన్నులకు పడిపోయాయి. సముద్ర పరిస్థితులలోని మార్పులు, అధిక వేట, పిల్లచేపలను పట్టడం ఇటువంటి క్షీణతకు దారితీస్తాయి. అందుకే పశ్చిమ తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు, ఆంధ్ర తీరంతో సహా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేటకు విరామం విధించారు. కేరళలో 10 సెంటీమీటర్లకన్న చిన్న కవళ్ళను పట్టడం నిషిద్ధం.

వినియోగదారుల పాత్ర కూడా స్వల్పమేమీ కాదు. సుమారు 15 సెంటీమీటర్లు పెరిగితేగాని కవళ్ళు గుడ్లు పెట్టే దశకు రావు. కనుక ధర తక్కువైనా పిల్లచేపలను కొనకపోవడం శ్రేయస్కరం. కవళ్ళు త్వరగా చెడిపోతాయి. పాడైన చేపలోని కొన్ని విషపదార్థాలు వండినా నశించవు. కళ్ళు తేటగా, మొప్పలు ఎర్రగా ఉండి, ఐసులో భద్రపరచిన చేపలనే ఎంచుకోవాలి.