తాళ్లపాక పదము – సుబ్బులక్ష్మి గళము

కడపనుండి రేణిగుంటకు పోవు రైలుమార్గమున రాజంపేట యను పట్టణము కలదు. దానికి సమీపముననే తాళ్లపాక. వేసవిలో ఆ దారిని పోవువారికి కనబడునవి ఎండిన యేటి యిసుక, బోడిగుట్టలు, వానకై యెదురుచూచు ఎఱ్ఱని చేలు. సంవత్సరమున సగము దినములు ఆకాశమువైపు చూచుచు గడపు మన సీమలో, ఆ చిన్న గ్రామమున, 1408వ సంవత్సరమున అన్నమాచార్యులు జన్మించిరి. తొంబదియైదేండ్లు జీవించి 1503లో పరమపదించిరి.

విద్యార్థులారా! వారి పాటను మీరు వినియే యుందురు. పెండ్లిపందిరిలోనో, కోవెల మైకులోనో, తెల్లవాఱుజామున ప్రక్కయింటి రేడియోలోనో అది మీ చెవిని పడియుండును. కాని మీకు చేరుటకు పూర్వము ఆ పాట ఎన్ని చేతులు మాఱినదో, ఎన్ని గొంతులు దాటినదో మీలో చాలమందికి తెలియకపోవచ్చును. గ్రామఫోను రికార్డుల సంపుటి నొకదానిని చేతబట్టుకొని ఆ కథను మీకు చెప్పెదను.

ఆ సంపుటి పేరు ‘బాలాజీ పంచరత్నమాల’. పాడినవారు శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి. తిరుమల తిరుపతి దేవస్థానములవారి పూనికతో, హెచ్.ఎం.వి. వారి ముద్రతో 1980 ప్రాంతమున ఇది ఐదు రికార్డులుగా వెలువడినది. ఐదు గనుక పంచరత్నములు. ఆనాటి రికార్డును మీరు చూచియుండరు. అది పెద్ద కంచమంత వెడల్పున, నల్లగా నిగనిగలాడు గుండ్రని పలక. దానిపై సన్నని గాడి చుట్టలు చుట్టలుగా నుండును. నిమిషమునకు సుమారు 33 సార్లు రికార్డు తిరుగుచుండగా ఒక సూది ఆ గాడివెంట పోవుచు, అందలి మిట్టపల్లములకు కంపించును. ఆ కంపనమే విద్యుత్తుగా మాఱి, మరల ధ్వనియై వెలువడును. అంతకు పూర్వపు రికార్డులు 78 సార్లు తిరిగెడివి. వానిలో ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషముల పాటకే చోటుండెడిది. గాయకులు పాటను కత్తిరించియో పరుగెత్తించియో పాడవలసి వచ్చెడిది. క్రొత్తరకపు రికార్డున ఒక ప్రక్కననే ఇరువది నిమిషములు దాటి పాడవచ్చును. ఈ వెసులుబాటే లేనిచో సుబ్బులక్ష్మిగారు ఒక్కొక్క చరణమును అంత నిదానముగా పాడగలిగెడివారు కారు.

ఐదు రికార్డులలో నున్నవన్నియు అన్నమయ్య పాటలే యనుకొనరాదు. స్తోత్రములును చేరినవి. అయినను ఈ మాలకు దారము అన్నమయ్యయే.

అన్నమయ్య చిన్నతనముననే ఊరు విడిచి తిరుమల కొండ యెక్కిరని, పదునాఱవ యేట మొదలిడి దినమున కొక సంకీర్తనకు తక్కువ కాకుండ రచించిరని చెప్పుదురు. కర్నూలు సీమలోని అహోబిలముతో వారికి గాఢమగు సంబంధము కలదు. అచ్చట ఆదివన్ శఠకోప యతులకడ వేదాంతము నభ్యసించిరని ప్రసిద్ధి. అహోబిల నరసింహునిపై వారు పెక్కు పాటలు పాడిరి. మొత్తము ముప్పదిరెండువేల సంకీర్తనలని ప్రతీతి కాగా, నేడు మనకు దక్కినవి పండ్రెండు వేలకు పై చిలుకు. వానిని రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమను చిన్న రాతి గదిలో భద్రపఱచిరి. తాటియాకును చెదలు తినును, రాగి నిలుచును. ఇంతటి ముందుచూపు గల కుటుంబము మన సీమదని తలచినప్పుడు నాకు గర్వము కలుగును. తరువాతి కాలమున ఆ గదిని లోకము మఱచినది. 1922 ప్రాంతమున రేకులు మరల వెలుగు చూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితులు వానిని చదివి, పరిష్కరించి అచ్చునకు తెచ్చిరి.

ఇచ్చట ఒక చిక్కు కలదు. దానిని మీరు బాగుగా గ్రహింపవలెను. రేకుపై పాటకు రాగము పేరున్నది, స్వరములు లేవు. రాగము పేరు మాత్రము తెలిసిన పాట, ఊరిపేరు మాత్రము వ్రాసిన యుత్తరము వంటిది. అది ఊరు చేరును గాని యిల్లు చేరదు. ఒకే రాగములో వేయి పాటలు వేయి నడకలతో నుండవచ్చును. పైగా ఐదువందల యేండ్లలో రాగముల రూపములే మాఱినవి. కొన్ని రాగములు నేటి విద్వాంసులకు పేరుగా మాత్రమే మిగిలినవి. తరతరములుగా పాడెడువారు కరవగుటతో బాణీయు పోయినది. మాటలను రాగి కాపాడినది గాని, పాడు తీరును కాపాడలేకపోయినది.

కావున నేడు మనము వినుచున్న పాటలో మాట అన్నమయ్యది, బాణీ ప్రాయికముగా మఱియొకరిది. ఆ మఱియొకరి పేరు ఎవ్వరును అడుగరు. ఇది నాకు చాల కాలముగా నున్న బాధ. అనంతపురము జిల్లాలోని రాళ్లపల్లి గ్రామమున 1893లో జన్మించిన అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. పిమ్మట తిరుపతికి వచ్చి రేకులను పరిష్కరించుటయే గాక, నూటికి పైగా కీర్తనలకు స్వరరచన చేసిరి. వ్యాకరణము తెలిసినవారికి శ్రుతి తెలియుట, శ్రుతి తెలిసినవారికి వ్యాకరణము తెలియుట అరుదు. శర్మగారికి రెండును వశములు. వారి వెనుక నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014) వచ్చిరి. వారు పిఠాపురము ప్రాంతపువారు. కడయనల్లూరు వేంకటరామన్‌గారు తమిళులు. సుబ్బులక్ష్మిగారు పాడిన అన్నమయ్య పాటలలో పలు పాటలకు ఈ యిరువురి బాణీలే ఆధారము.

ఇక పాడినవారి మాట. సుబ్బులక్ష్మిగారు 1916లో మధురలో జన్మించిరి, మాతృభాష తమిళము. 1963లో రికార్డుగా వెలువడిన వేంకటేశ్వర సుప్రభాతముతో ఆమె గొంతు తెలుగువారి యిండ్లలో ప్రవేశించినది. 1966లో ఐక్యరాజ్యసమితి సభామందిరమున పాడిరి. 1998లో భారతరత్న బిరుదము నందిరి. 2004లో కీర్తిశేషులైరి. పంచరత్నమాల నాటికి ఆమె వయస్సు అరువది దాటినది. ఆ వయస్సున, అంత కీర్తి గడించినవారు, తెలిసిన పాటలనే పాడుచు కాలము గడపినను అడుగువారుండరు. ఆమె పరాయిభాషలోని పాటలను, ఐదువందల యేండ్లనాటి మాటలను క్రొత్తగా నేర్చుకొనిరి. ఆ రికార్డు వినుచు పుస్తకము చేతబట్టి చూడుడు. ఒత్తు ఒత్తుగాను, దీర్ఘము దీర్ఘముగాను పలుకును. విఱువరాని చోట మాట విఱుగదు. తెలుగు పండితుడనగుటచే నాకు మొదట కనబడు గుణమిది. సంగీతజ్ఞులు శ్రుతిశుద్ధిని ముందు చెప్పుదురు. ఆమె కుమార్తె రాధ గొంతు కలిపిన చోటులలో రెండు గొంతులని గుర్తించుటకు చెవి నిలిపి వినవలసియుండును.

‘నానాటి బదుకు’ అను కీర్తన నొకదానిని తీసికొందము. దానికి నేదునూరివారు రేవతి రాగమున బాణీ కట్టిరి. రేవతిలో స్వరములు ఐదే: షడ్జము, శుద్ధరిషభము, శుద్ధమధ్యమము, పంచమము, కైశికి నిషాదము. గాంధార ధైవతములు లేవు. వేదము చదువునప్పటి స్వరమును ఈ రాగము తలపించును. పుట్టుట, గిట్టుట అను రెంటి నడుమ మనము చేయు పనులన్నియు రంగస్థలముపై వేషమువంటివని ఆ పాటలోని భావము. ఇట్టి భావమునకు శోకరాగము నెన్నుకొనుట తేలిక. నేదునూరివారు ఆ తేలిక దారిని పట్టలేదు. సుబ్బులక్ష్మిగారును ఆ పాటలో ఎక్కడను విలపింపరు, గొంతు వణికింపరు. తెలిసిన సంగతిని పెద్దలు పిల్లలకు మెల్లగా చెప్పినట్లు పాడుదురు.

నేనీ పాటను మొదట వినినది కర్నూలులో చదువుకొను దినములలో, ఒక ఉపాధ్యాయుల యింట. ఆ యేడు మా యూరికి వానలు లేవు. వేరుసెనగ చేలు పూతలోనే యెండినవి. మా నాయన కాడియెద్దులను సంతలో అమ్మి నాకు పరీక్షరుసుము పంపిరి. ఆ పాట వినుచుండగా నాకు వేదాంతము తలపునకు రాలేదు. ఎద్దులు లేని మా కొట్టము తలపునకు వచ్చినది. గురువుగారి యెదుట ఏడ్చుటకు సిగ్గుపడి, మంచినీళ్ల నెపమున లేచి పోతిని. అటుపిమ్మట ఎన్నిసార్లు వినినను, మొదటి చరణమున ఆ కొట్టము కనబడక మానలేదు.

సంపుటిలో అన్నియు ఇట్టి గంభీరమైన పాటలే కావు. ‘శ్రీమన్నారాయణ’ బౌళి రాగములో నున్నది. బౌళి ప్రాతఃకాలపు రాగము. ‘డోలాయాం’ అను సంస్కృత కీర్తన ఖమాసులో ఊయలవలె ముందునకు వెనుకకు ఊగును. అన్నమయ్య పండితుల ఛందస్సును మాత్రమే నమ్ముకొన్నవారు కారు. సువ్వి, గొబ్బి, జాజర, ఏల, లాలి, జోల—ఇవి యన్నియు మన యూళ్లలో స్త్రీలు దంచునప్పుడు, ఆడునప్పుడు, బిడ్డలను నిద్రపుచ్చునప్పుడు పాడుకొను పాటల నడకలు. కొఱ్ఱలు దంచు రోకటి దెబ్బకు సరిపడునట్లు ఆ మహాకవి పదము కట్టిరి.

ఒక లోపమును గూడ చెప్పవలెను. అన్నమయ్య సంకీర్తనలలో అధ్యాత్మ కీర్తనలకంటె శృంగార కీర్తనలే మిక్కిలి యెక్కువ. ఈ సంపుటిని మాత్రమే వినినవారికి ఆ సంగతి తెలియదు. ఇంటిల్లిపాది వినుటకై, భక్తికై కూర్చిన సంపుటి గనుక అట్లయినది. తప్పు పట్టుటలేదు, అలమేలుమంగ అలుకలు, చెలికత్తెల యెత్తిపొడుపులు వేఱుచోట వెదకుకొనవలెనని మాత్రము తెలిసియుండుడు.

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న చివరి పాఠశాల కడప సీమలోని ఒక చిన్న పల్లెలోనిది. ఈ రికార్డులే క్యాసెట్లుగా వచ్చిన పిదప నొక జత కొని, శనివారము మధ్యాహ్నములందు ఎనిమిదవ తరగతివారికి వినిపించుచుంటిని. ఒకనాడు ‘జో అచ్యుతానంద’ అను జోలపాట వినిపించితిని. కాపి రాగమున ఆ పాట సాగుచుండగా వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, “మా అవ్వ ఇట్ల పాడదు సార్” అనెను. తరగతి నవ్వినది. నేను నవ్వలేదు. ఆ సాయంకాలమే వారి యింటికి పోతిని.

అవ్వ అరుగుపై కూర్చుండి సెనక్కాయలు ఒలుచుచుండెను. పాడుమనగా, “నాకేం పాట వస్తాది అయివారూ, పిల్లోళ్లను పండబెట్టేదానికి పాడుకుంటా గానీ” అని సిగ్గుపడెను. మనుమరాలు బలవంతపెట్టగా పాడినది. మాటలు దాదాపు అవే. బాణీ మాత్రము వేఱు. రెండు మూడు స్వరముల నడుమనే తిరుగుచు, ఒడిలో బిడ్డను తట్టు చేతి దెబ్బకు ఆగుచు సాగు బాణీ. ఎవరు నేర్పిరని అడిగితిని. తన అవ్వ అనెను. ఆమెకెవరు నేర్పిరో ఆమెకు తెలియదు. రాగిరేకు భద్రపఱుపలేనిది ఆ యరుగుపై ఎన్ని తరముల నుండియో నిలిచియున్నదో యని నాకు ఒడలు పులకరించినది.

టేపురికార్డరు తెచ్చి ఆ పాటను పట్టుకొనవలెనని నిశ్చయించుకొంటిని. అప్పుడు పరీక్షల దినములు. ప్రశ్నపత్రములు, జాబితాలు, పై అధికారుల తనిఖీలు. సెలవులలో చూతమని వాయిదా వేసితిని. సెలవులు ముగిసి బడి తెఱచిన నాడు ఆ బాలిక తలకు నూనె లేక, ముఖము వాడి వచ్చినది. అవ్వ పదునైదు దినముల క్రిందట పోయినదని చెప్పెను.

ఆ శనివారము క్యాసెట్టు పెట్టలేదు. ఆ బాలికను పాడుమంటిని. మొదటి రెండు చరణములు పాడినది. మూడవదానిలో సగము తప్పిపోయి ఆగినది. కొంతసేపు తడుముకొని, చేతితో తొడపై తట్టుచు, మరల మొదటినుండి ఎత్తుకొన్నది.