మధుమేహమున్న యాత్రికులు - కొండమీది ఆహారం

తిరుమల యాత్రకు బయలుదేరే మధుమేహులను ఇంటివారు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "అక్కడ ఏం తింటారు?" ఆ సందేహం అకారణమైనది కాదు. ఇంటివద్ద అన్నం తగ్గించి, కూరలు, పప్పు, గ్రుడ్లు పెంచి చక్కెరను అదుపులో ఉంచుకున్నవారికి ప్రయాణంలో ఆ ఏర్పాటు చెదిరిపోతుంది. రైలులో ఇడ్లీ, పులిహోర, క్యూ కాంప్లెక్సులో ఉప్మా, పొంగలి, అన్నప్రసాద భవనంలో అన్నం, చేతిలో లడ్డు. అన్నింటా పిండిపదార్థాలదే పెద్దపాలు. గ్రుడ్లకు, మాంసానికి కొండమీద తావు లేదు.

వండిన అన్నం ఒక కప్పులో దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రోజుకు 130 గ్రాములకు లోబడిన భోజనాన్ని వైద్యులు సాధారణంగా తక్కువ పిండిపదార్థాల ఆహారంగా పరిగణిస్తారు. అంటే మూడు కప్పుల అన్నంతోనే ఆ హద్దు దాటిపోతుంది. ఇక లడ్డు సంగతి: దాని దిట్టంలో శనగపిండికి రెండింతల చక్కెర ఉంటుంది. ప్రసాదాన్ని తుంచి పదిమందికి పంచడం మన ఇళ్ళలో ఎప్పటినుండో ఉన్నదే. చిటికెడు కళ్ళకద్దుకొని నోట వేసుకున్నా అది స్వీకరించినట్లే. లడ్డంతా తినాలన్న నియమం ఎక్కడా లేదు.

అన్నప్రసాద భవనంలో మొహమాటం పనికిరాదు. వడ్డించేటప్పుడే "అన్నం కొంచెం చాలు" అని చెప్పి, కూర, సాంబారు, మజ్జిగ అడిగి వేయించుకోవాలి. విస్తరిలో విడిచిపెట్టడంకన్నా అది ఎంతో మేలు. స్టేషన్లలో ఇడ్లీకన్నా గారె నయమంటే కొందరు ఆశ్చర్యపోతారు. ఇడ్లీలో బియ్యపురవ్వ పాలు ఎక్కువ, గారెలో మినపపప్పు ఎక్కువ. అయితే నూనె ఉన్నది కనుక ఒకటి రెండింటితో ఆపాలి. ఏకాదశినాడు ఫలహారమని సగ్గుబియ్యం తినేవారు అది ఇంచుమించు కేవలం పిండిపదార్థమేనని గుర్తించాలి. నానబెట్టిన పెసరపప్పు దానికన్నా మంచిది.

సంచిలో వేయించిన వేరుశనగలు, బాదం, ఎండుకొబ్బరి ముక్కలు ఉంటే రెండు రోజులు ఇబ్బంది ఉండదు. వేరుశనగల బరువులో పావువంతు మాంసకృత్తులే. పుట్నాలలో పిండిపదార్థం కూడ బాగానే ఉంటుంది కనుక గుప్పెడు మించరాదు. మెట్లదారిలో అమ్మే దోసకాయ ముక్కలు, మజ్జిగ నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఇంతవరకు చెప్పినది చక్కెర పెరగకుండా చూసుకోవడం గురించి. కాని మెట్లెక్కేవారికి అంతకన్నా పెద్ద ప్రమాదం అది పడిపోవడం. అలిపిరి దారిలో 3550 మెట్లు ఉన్నాయి. ఇన్సులిన్‌గాని, చక్కెరను తగ్గించే కొన్ని రకాల మాత్రలుగాని వాడేవారు అన్నం మానేసి అంత శ్రమ చేస్తే చక్కెర హఠాత్తుగా దిగిపోవచ్చు. ఇది నాకు అనుభవమే. కొన్నేళ్ళ క్రిందట, ఉపవాసంతో ఎక్కితే పుణ్యమెక్కువని తలచి, మాత్ర మాత్రం వేసుకొని, ఏమీ తినకుండా బయలుదేరాను. గాలిగోపురం చేరేసరికి చేతులు వణికాయి, చెమటలు పోశాయి, మాట తడబడింది. దర్శనం చేసుకొని దిగివస్తున్న ఒక తల్లి నా స్థితి చూసి తన లడ్డులో సగం నా నోటికందించింది. తేరుకున్నాను, కాని చాలాసేపు పట్టింది. నెయ్యి కలిసిన తీపి నెమ్మదిగా జీర్ణమవుతుందనీ, అటువంటప్పుడు గ్లూకోజుగాని మూడు చెంచాల చక్కెర కలిపిన నీరుగాని త్వరగా పనిచేస్తుందనీ వైద్యులు తరువాత చెప్పారు. పదిహేను నిమిషాలకు కూడ తగ్గకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట మాత్రం ఏమీ పోయరాదు. వెంటనే వైద్యసహాయం పిలవాలి.

అందుచేత భోజనంలో మార్పు చేయదలచినవారు మందుల మోతాదు గురించి బయలుదేరే ముందే తమ వైద్యుని అడగాలి. సామాను అప్పగించేటప్పుడు మందులను అందులో ఉంచరాదు. కంపార్టుమెంటులో ఎన్ని గంటలు కూర్చోవలసివస్తుందో ముందుగా తెలియదు. నేను ఇప్పటికీ మెట్లదారినే వెళ్తాను, ఉదయం రెండు గారెలు, కొంచెం పెరుగు తిని. అంగీ జేబులో గ్లూకోజు పొట్లం ఉంటుంది. అది ఏ జేబులో ఉన్నదో నా సహధర్మచారిణికి తెలుసు.