మళ్ళీ మొలవని పన్ను

పిల్లలూ! నేను హెడ్మాస్టరుగా వున్న రోజులలో ఆరో తరగతి కుర్రవాడొకడు సీసాకున్న రేకుమూతను పళ్ళతో తీస్తానని పందెం వేశాడు. మూత రాలేదు, ముందుపన్ను ముక్క విరిగి చేతిలో పడింది. వాడు ఏడుస్తూ నా దగ్గిరికి వచ్చి, "మళ్ళీ మొలుస్తుందా, మాస్టారూ?" అని అడిగాడు. మొలవదని చెప్పటానికి నాకు నోరు రాలేదు.

పాలపళ్ళు 20. సుమారు ఆరో యేటినుంచి అవి ఒక్కొక్కటే వూడి, శాశ్వతదంతాలు వస్తాయి. ఇవి పోతే మళ్ళీ రావు. పన్నుపైని పింగాణిపొర మన శరీరంలో అన్నిటికన్న గట్టిది. అయినా, విరిగిన ఎముక అతుక్కుంటుంది కాని, పింగాణి అతుక్కోదు. దానిలో జీవకణాలు లేవు. అందుచేత మూతలు తీయటానికీ, పెన్సిళ్ళు కొరకటానికీ పళ్ళను వాడకండి.

తీపి తిన్నప్పుడు నోటిలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం పింగాణిని కరిగిస్తుంది. పుచ్చు లోపలి నరందాకా పోయిందంటే అర్ధరాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర వుండదు! నిద్రలో లాలాజలం తక్కువగా వూరుతుంది. కనుక పొద్దున తోముకుంటే చాలదు. పడుకోబోయేముందు కూడా ఫ్లోరైడు పేస్టుతో తోముకోవాలి. బొగ్గు, ఇటుకపొడి వద్దు; అవి పింగాణిని అరగదీస్తాయి.

పెద్దలకు ఒక మాట: ఆటలో దెబ్బతగిలి శాశ్వతదంతం వేరుతోసహా వూడివస్తే, వేరును ముట్టుకోక, తోమక, పైభాగం పట్టుకొని పాలలో వేసి, అరగంటలోగా పళ్ళడాక్టరు దగ్గిరికి వెళ్ళండి. అది మళ్ళీ నిలవవచ్చు. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టరాదు.

పిల్లలూ, ఈ రాత్రి అన్నం తిన్నాక బ్రష్షు అందుకోండి. ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్న మీలో ఎవరూ అడగవలసిన పని రాకూడదు.