రొయ్యయు, పొట్లముమీఁది చీటియు

మన నెల్లూరు తీరమున రొయ్య సామాన్యాహారము. అయినను కొందఱి దేహమునకది పడదు. దద్దురులు, పెదవులవాపు, ఒక్కొక్కప్పుడు ఊపిరాడక ప్రాణాపాయమును గలుగును. రొయ్యకండలోని ట్రోపోమయోసిన్ అను మాంసకృత్తు ఇందుకు ముఖ్యకారణము. ఉడికించినను అది నశింపదు. కావున పచ్చళ్లు, పొడులు పొట్లము కట్టువారు మూఁడు సంగతులు విచారింపవలెను: దినుసులలో రొయ్య కలదా? కొనితెచ్చిన పొడిలో రొయ్యపొట్టు దాఁగియున్నదా? ఒకే పాత్ర వాడుటచే అంటుకొనునా?

మన దేశమున 2020 నాఁటి నిబంధనల ననుసరించి రొయ్య, పీత, చేప, పాలు, గ్రుడ్లు, వేరుసెనగ, సోయా, గోధుమ మున్నగువానిని చీటిపై వేఱుగాఁ దెలుపవలెను. రొయ్యలు నల్లఁబడకుండ వాడు సల్ఫైటు కిలోకు 10 మిల్లీగ్రాములుగాని, అంతకు మించిగాని యున్నచో దానినిఁ దెలుపవలెను. కంటికిఁ గానరానిదానిని అక్షరమే చూపును. కావునఁ జదువనేర్చిన మనము ఆ చీటిని ఇంటిపెద్దలకుఁ జదివి వినిపింతము.